కావలసిన విలువ దొరకనప్పుడు: గిటారు పెడళ్ళలో పొటెన్షియోమీటర్లకు ప్రత్యామ్నాయములు

ఎలక్ట్రిక్ గిటారు వాయించువారి పాదముల చెంత చిన్న లోహపు పెట్టెలు కొన్ని వరుసగా కనిపించుచుండును. వీనిని కాలితో నొక్కినంతనే నాదము గరుకుగా మారును, లేదా అలవలె ఊగును, లేదా తీగ మీటిన పిమ్మట చాలసేపు నిలిచియుండును. వీనికి పెడళ్ళని పేరు. వీని లోపలనున్నది పెద్ద యంత్రమేమియు కాదు. 9 వోల్టుల బ్యాటరీ, రెండు ట్రాన్సిస్టర్లో ఒక ఐ.సి.యో, పదియో ఇరువదియో నిరోధకములు, కొన్ని కెపాసిటర్లు, పైన త్రిప్పుటకు రెండు మూడు నాబ్‌లు, అంతే. కనుకనే అనేక దేశములలో విద్యార్థులును సంగీతాభిమానులును వీనిని స్వయముగా తయారు చేసికొనుచున్నారు. బ్యాటరీతో నడచును గనుక ఇంటి కరెంటు వలని అపాయము లేదు. ఎలక్ట్రానిక్సు నేర్చుకొనుటకు ఇంతకంటె చౌకయైన పాఠము అరుదు.

అయితే ఈ పని చాలమారులు ఒకే చోట ఆగిపోవుచుండును. వలయ చిత్రమునందు ‘500 కిలో ఓములు, రివర్స్ లాగ్’ అని ఒక పొటెన్షియోమీటర్ ప్రక్కన వ్రాసియుండును. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట 10 కిలో, 100 కిలో ఓములవి సులభముగా చేతికి వచ్చును గాని, ఇట్టి వింత విలువ అడిగినచో దొరకునన్న నిశ్చయము లేదు. దూరమునుండి తెప్పించుకొందమన్న, ఒక్క భాగము వెలకంటె దానిని పంపించు ఖర్చే అధికము కావచ్చును. ఇరువది భాగములను శ్రమపడి అతికిన విద్యార్థి ఇరువది ఒకటవ దానికై నెలల తరబడి వేచియుండుట ఒక నష్టము. చేతికందినదానిని అమర్చి, పెడల్ సరిగా పలుకకపోగా ‘ఇది మన వల్ల కాదు’ అని పెట్టెను మూలకు నెట్టుట అంతకంటె పెద్ద నష్టము. రెండింటికిని మూలమొక్కటే: చిత్రముపై నున్న అంకెను మంత్రమువలె భావించుట. ఆ అంకె అచ్చట ఏ పని చేయుచున్నదో తెలిసినచో, చేతనున్న భాగములతోనే ఆ పనిని చేయించుకొనవచ్చును. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇదియే.

పాట్ అననేమి?

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పొటెన్షియోమీటరనగా చెక్కబల్లపై వరుసలుగా బిగించిన పొడవైన తీగ అని మన విద్యార్థులకు తెలియును. జాకీని తీగపై జరుపుచు రెండు ఘటముల విద్యుచ్చాలక బలములను పోల్చుదుము. పెడల్‌లోనిది దానికి చిన్న తమ్ముడు. తీగకు బదులు గుర్రపునాడా ఆకారమున కార్బన్ పూత, జాకీకి బదులు నాబ్‌తో పాటు తిరుగు స్పర్శ కలవు. పూత యొక్క రెండు కొనలకు మొదటి, మూడవ కాళ్ళును, తిరుగు స్పర్శకు నడిమి కాలును అమర్చబడియుండును. రేడియోలో శబ్దమును పెంచి తగ్గించునది ఇదియే. బజారున దీనిని ‘పాట్’ అనియు, ‘వాల్యూమ్ కంట్రోల్’ అనియు అందురు. ఇకపై మేమును పాట్ అనియే వ్యవహరింతుము.

పాట్‌కు రెండు లక్షణములు ముఖ్యము. మొదటిది మొత్తము నిరోధము. రెండవది నాబ్ తిరిగినకొలది నిరోధము పెరుగు తీరు. సగము త్రిప్పినప్పుడు సగము నిరోధము వచ్చినచో అది లీనియర్. సగము త్రిప్పినను 10 నుండి 20 శాతము మాత్రమే వచ్చి, తరువాతి సగములో మిగిలినదంతయు వచ్చినచో అది లాగ్, అనగా సంవర్గమాన రీతిది. దీనికి విలోమముగా, సగమునకే 80 నుండి 90 శాతము వచ్చినచో అది రివర్స్ లాగ్.

లాగ్ రీతి ఎందుకు కావలసివచ్చినది? మన చెవి శబ్దమును నిష్పత్తులతో కొలుచును గాని కూడికలతో కాదు. వోల్టేజిని సగము చేసినచో తగ్గునది 6 డెసిబెల్‌లే. శబ్దము సగమైనట్లు తోచుటకు సుమారు 10 డెసిబెల్‌లు తగ్గవలెను. లీనియర్ పాట్‌తో శబ్దమును నియంత్రించినచో మార్పంతయు నాబ్ మొదటి భాగముననే జరిగిపోయి, తరువాత ఎంత త్రిప్పినను పెద్ద భేదము వినిపింపదు. లాగ్ పాట్ నడుమనున్నప్పుడు, 15 శాతము లెక్కన, శబ్దము సుమారు 16 డెసిబెల్‌లు తగ్గియుండును. కనుక త్రిప్పుట చెవికి సమముగా తోచును.

కొనునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. నేడు తరచుగా కనబడు పద్ధతిలో ‘ఏ’ అక్షరము లాగ్‌ను, ‘బి’ లీనియర్‌ను, ‘సి’ రివర్స్ లాగ్‌ను సూచించును. పాత ఐరోపా పద్ధతిలో ‘ఏ’ లీనియర్‌ను, ‘బి’ లాగ్‌ను సూచించుటయు కలదు. అక్షరమును నమ్ముటకంటె నాబ్‌ను సరిగా నడుమ నిలిపి, మొదటి కాలికిని నడిమి కాలికిని నడుమ ఓమ్‌మీటరుతో కొలుచుట మేలు.

రెండు విధములైన స్థానములు

ఛందస్సు చదివినవారికి ఒక పోలిక చెప్పుదుము. తేటగీతి పాదమున ఇంద్రగణము రావలసిన చోట నల, నగ, సల, భ, ర, త అను ఆరింటిలో ఏది వచ్చినను పద్యము నడచును. ఉత్పలమాలలో అట్లు కాదు. భ ర న భ భ ర వ గణములు ఆ వరుసనే రావలెను. వలయమునందును ఇట్టి రెండు తెగల స్థానములు కలవు. కొన్ని చోట్ల విలువ మారినను పని జరుగును. కొన్ని చోట్ల మొత్తము నిరోధము మారరాదు. ఏది ఏ తెగయో గుర్తించుటకు, పాట్ ఎట్లు కలుపబడియున్నదో ముందు చూడవలెను. మూడు కాళ్ళును వాడబడి, సంకేతము ఒక కొనన ప్రవేశించి, రెండవ కొన భూమికి కలిసి, నడిమి కాలినుండి వెలువడుచున్నచో అది వోల్టేజి విభాజకము. రెండు కాళ్ళు మాత్రమే వాడబడినచో అది మార్చుటకు వీలైన నిరోధకము.

దగ్గరి విలువ

కార్బన్ పాట్ల విలువలో 20 శాతము వరకు హెచ్చుతగ్గులు సాధారణము. 500 కిలో ఓములని ముద్రించినది నిజమునకు 400 కిలో ఓములైనను, 600 కిలో ఓములైనను కావచ్చును. కావున 500కు 470, 50కి 47, 20కి 22 కిలో ఓములవి వాడుటకు సందేహింప పనిలేదు. 1979లో ఐబనెజ్ పేరున వచ్చిన జపాను పెడల్ ‘ట్యూబ్ స్క్రీమర్ టీఎస్ 808’ లో స్వరపు తీరును మార్చు పాట్ 20 కిలో ఓములది. దాని పెరుగుదల తీరు లీనియరును కాదు, లాగును కాదు. ఇంట తయారు చేయువారు దాని స్థానమున 20 లేదా 25 కిలో ఓముల లీనియర్ పాట్‌నే వాడుచుందురు. నాబ్‌పై గుర్తుల స్థానము కొంత జరుగును గాని స్వరమునకు కొరత రాదు.

విభాజకమైనప్పుడు

1966లో లండనులోని ఆర్బిటర్ సంస్థ వెలువరించిన ‘ఫజ్ ఫేస్’ రెండు ట్రాన్సిస్టర్ల పెడల్. జిమీ హెండ్రిక్స్ వాయించుటచే లోకప్రసిద్ధమైనది. దీని శబ్ద నియంత్రణకు 500 కిలో ఓముల లాగ్ పాట్, దానికి ముందు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండును. 500 కిలో లేక 100 కిలో ఓముల లాగ్ పాట్ అమర్చినచో ఏమగును? విభాజకమున ముఖ్యమైనది నిష్పత్తి గనుక శబ్దము పెరుగుట, తగ్గుట యథాప్రకారము జరుగును. అయితే కెపాసిటరును పాట్‌ను కలసి ఒక పౌనఃపున్యమునకు దిగువనున్న స్వరములను బలహీనపరచును. ఆ హద్దు, 1ని నిరోధము, కెపాసిటన్సు, 2π ల లబ్ధముచే భాగించగా వచ్చును. 500 కిలో ఓములకు అది 32 హెర్ట్జ్. 100 కిలో ఓములకు 159 హెర్ట్జ్. గిటారు యొక్క అతి మంద్రమైన తీగ సుమారు 82 హెర్ట్జ్ వద్ద పలుకును. అనగా పాట్‌ను మాత్రమే మార్చినచో మంద్రస్వరములు పలుచబడిపోవును. కెపాసిటరును 0.047 మైక్రోఫారడ్‌కు పెంచినచో హద్దు తిరిగి 34 హెర్ట్జ్‌కు దిగును. ఒక చిన్న కెపాసిటర్ మార్చుటతో పని నెరవేరినది.

పాట్ విలువ తగ్గినకొలది ముందున్న వలయముపై భారము పెరుగునని మాత్రము మరువరాదు. ఆ భాగము ఎక్కువ భారము మోయలేనిదైనచో మొత్తము శబ్దమే తగ్గును.

సమాంతర నిరోధకము, జోడు పాట్

రెండు కాళ్ళ వాడుకలో ఎక్కువ విలువ గల పాట్ చేతనున్నప్పుడు, దానికి సమాంతరముగా ఒక నిరోధకమును కలిపి విలువను తగ్గింపవచ్చును. ట్యూబ్ స్క్రీమర్‌లో కరుకుదనమును పెంచు పాట్ 500 కిలో ఓముల లాగ్. 1 మెగా ఓము లాగ్ పాట్‌కు 1 మెగా ఓము నిరోధకమును సమాంతరముగా కలిపినచో గరిష్ఠ విలువ సరిగా 500 కిలో ఓములగును. నాబ్ నడుమనున్నప్పుడు పాట్ 150 కిలో ఓములైనచో, రెండును కలిసి 130 కిలో ఓములగును. ఇది 500లో 26 శాతము. లాగ్ వంపు కొంత చదునైనది గాని పోలేదు. ఇదే పనిని లీనియర్ పాట్‌తో చేసినచో నడుమ 333 కిలో ఓములు, అనగా 67 శాతము వచ్చును. సమాంతర నిరోధకము వంపును ఒక దిక్కునకే మార్చునని దీనివలన తెలియుచున్నది. లీనియర్‌ను అది లాగ్‌కు దూరము చేయును గాని దగ్గర చేయదు.

వంపు చెడకుండ విలువ మార్చుటకు మరియొక మార్గము కలదు. స్టీరియో పరికరములలో ఒకే కాడపై రెండు పాట్లు కలిసియుండు జోడు పాట్ వాడుదురు. రెండింటిలో సరిపోలు కాళ్ళను కలిపివేసినచో విలువ సగమగును. ఆ విధముగా 100 కిలో ఓముల జోడు పాట్ 50 కిలో ఓములదగును. రెండు కాళ్ళ వాడుకలోనైతే రెండింటిని శ్రేణిలో కలిపి విలువను రెట్టింపు చేయవచ్చును. 250 కిలో ఓముల లాగ్ జోడు పాట్ ఇట్లు 500 కిలో ఓముల లాగ్ అగును. రెండును ఒకే తీరున తిరుగును గనుక పెరుగుదల తీరు యథాతథముగా నిలుచును.

కొలతనే మార్చుట

పాట్ విలువ తక్కువైనప్పుడు చుట్టునున్న భాగములను కూడ అదే నిష్పత్తిలో మార్చుట అన్నిటికంటె శాస్త్రీయమైన ఉపాయము. ట్యూబ్ స్క్రీమర్ వర్ధన భాగమున 500 కిలో ఓముల పాట్‌కు శ్రేణిలో 51 కిలో ఓముల నిరోధకము, భూమి వైపున 4.7 కిలో ఓములతో 0.047 మైక్రోఫారడ్, పాట్‌కును ఆ 51 కిలో ఓముల నిరోధకమునకును కలిపి అడ్డముగా 51 పైకోఫారడ్ కెపాసిటర్ కలవు. వర్ధనము కనిష్ఠముగా 12, గరిష్ఠముగా 118 రెట్లు. మన చేత 250 కిలో ఓముల లాగ్ పాట్ మాత్రమే ఉన్నదనుకొందము. దానిని ఊరక అమర్చినచో గరిష్ఠ వర్ధనము 65కు పడిపోవును. అట్లుగాక నిరోధములన్నిటిని సుమారు సగము చేసి, కెపాసిటర్లను రెట్టింపు చేయుదము. 51కి బదులు 24 కిలో ఓములు, 4.7కు బదులు 2.2 కిలో ఓములు, 0.047కు బదులు 0.1 మైక్రోఫారడ్, 51కి బదులు 100 పైకోఫారడ్. ఇప్పుడు వర్ధనము 12 నుండి సుమారు 125 వరకు వచ్చును. మంద్రస్వరముల హద్దు మునుపటివలెనే 720 హెర్ట్జ్ దరిదాపుల, తారస్వరముల హద్దు 5,700 హెర్ట్జ్ దరిదాపుల నిలుచును. అంకెలన్నియు మారినవి, చెవికి వినిపించునది మారలేదు.

పెరుగుదల తీరును మార్చుట

లాగ్ పాట్ లేక లీనియర్ మాత్రమే ఉన్నప్పుడు, విభాజకమైన చోట నడిమి కాలికిని భూమికిని నడుమ ఒక నిరోధకమును కలుపవలెను. దాని విలువ పాట్ విలువలో సుమారు 15 శాతము ఉండవలెను. 100 కిలో ఓముల లీనియర్ పాట్‌కు 15 కిలో ఓములు కలిపినచో, నాబ్ నడుమ 50 శాతమునకు బదులు సుమారు 19 శాతము వోల్టేజి వెలువడును. ఇది లాగ్‌కు చాల దగ్గర. అయితే దీనికి మూల్యము కలదు. నాబ్‌ను పూర్తిగా త్రిప్పినప్పుడు ముందు భాగమునకు కనిపించు నిరోధము 100 కాక 13 కిలో ఓములే. ఐ.సి. తరువాత వచ్చు పాట్‌కు ఈ ఉపాయము తగును. ఫజ్ ఫేస్ వంటి దానికి మునుపు చెప్పిన భారము, మంద్రస్వర నష్టము రెండును తప్పవు.

ఇక రివర్స్ లాగ్ మాట. అమెరికాలోని ఎం.ఎక్స్.ఆర్. సంస్థ 1974లో తెచ్చిన ‘ఫేజ్ 90’ నాదమును అలవలె ఊపును. ఊపు వేగమునకు 500 కిలో ఓముల రివర్స్ లాగ్ పాట్ ఉండును. నిరోధము తగ్గినకొలది వేగము పెరుగును. లీనియర్ వాడినచో నాబ్ సగము తిరిగినను వేగము సుమారు రెండింతలే అగును. ముఖ్యమైన వేగములన్నియు చివరి కొంచెము భాగమున ఇరుకుకొనును. దీనికి సులభోపాయము, 500 కిలో ఓముల సాధారణ లాగ్ పాట్‌ను తీసికొని, మూడవ కాలికి బదులు మొదటి కాలిని వాడుట. పెరుగుదల తీరు సరిగా అదే వచ్చును. భేదమొక్కటే: నాబ్ ఎడమకు త్రిప్పినచో వేగము పెరుగును. ‘మెల్లగా’, ‘వేగముగా’ అను గుర్తులను పెట్టెపై తారుమారు చేసి వ్రాసినచో చాలును.

ఏ పాట్‌ను దొరకనప్పుడు తిరుగుడు స్విచ్చిని, స్థిర నిరోధకములను వాడవచ్చును. 6 లేదా 12 స్థానముల స్విచ్చితో ఏ విలువనైనను, ఏ తీరునైనను మనమే నిర్ణయింపవచ్చును. ఒక స్థానమును విడుచుటకు ముందే రెండవదానిని తాకు రకమును ఎంచుకొన్నచో త్రిప్పునప్పుడు కలుగు టపటప శబ్దము తగ్గును.

వృత్తమువంటి స్థానము

మొత్తము నిరోధము మారరాని చోటునకు ఉదాహరణము ఫజ్ ఫేస్‌లోని రెండవ పాట్. ఇది 1 కిలో ఓము లీనియర్. రెండు కొనలు రెండవ ట్రాన్సిస్టర్ ఎమిటర్‌కును భూమికిని నడుమ ఉండును. నడిమి కాలు కెపాసిటర్ ద్వారా భూమికి పోవును. ఆ ట్రాన్సిస్టర్ యొక్క స్థిర విద్యుత్ ప్రవాహము ఈ పాట్ మొత్తము నిరోధముగుండానే పోవుచున్నది. 5 కిలో ఓముల పాట్ ఊరక అమర్చినచో ప్రవాహము బాగుగ తగ్గి, కలెక్టర్ వోల్టేజి బ్యాటరీ వోల్టేజి వైపునకు పోయి, నాదము తెగిపడుచుండును. ట్రాన్సిస్టర్ చెడినదని తలచి విద్యార్థి దానిని మార్చి మార్చి విసిగిపోవుట ఇట్టి చోటనే.

అయినను ఇచ్చటను మార్గము లేకపోలేదు. 2 కిలో ఓముల లీనియర్ పాట్ కొనల నడుమ 2 కిలో ఓముల నిరోధకము కలిపినచో మొత్తము 1 కిలో ఓమే అగును. స్థిర ప్రవాహము చెక్కుచెదరదు. నాబ్ నడుమనున్నప్పుడు సంకేతమునకు ఎదురగు నిరోధము 500కు బదులు 667 ఓములగును. కరుకుదనము నాబ్ చివరి భాగమునకు కొంత జరుగును, అంతే. అమర్చిన పిమ్మట రెండవ ట్రాన్సిస్టర్ కలెక్టర్ వద్ద సుమారు 4.5 వోల్టులు ఉన్నదేమో మీటరుతో చూచుకొనవలెను.

ప్రయోగశాలకు ఒక పెట్టె

పాట్ దొరకనప్పుడు విద్యార్థి వరుసగా నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మూడు కాళ్ళు వాడబడినవా, రెండేనా? దానిగుండా ట్రాన్సిస్టర్ స్థిర ప్రవాహము పోవుచున్నదా? ఏ కెపాసిటరుతో కలిసి అది స్వరముల హద్దును నిర్ణయించుచున్నది? నాబ్ ఏ భాగమున చెవికి సున్నితమైన మార్పు కావలెను? ఈ నాలుగింటికి జవాబు వ్రాసికొనినచో పైన చెప్పిన ఉపాయములలో ఏది తగునో దానంతటదియే తేలును.

కళాశాల కార్యవర్గమువారికి మా మనవి ఒక్కటి. పరికరముల కొనుగోలులో ప్రతి విలువను తెప్పింపనక్కరలేదు. 2, 10, 100 కిలో ఓముల లీనియర్ పాట్లు, 100 కిలో, 1 మెగా ఓము లాగ్ పాట్లు, 100 కిలో ఓముల జోడు పాట్లు, 12 స్థానముల స్విచ్చిలు, స్థిర నిరోధకముల, కెపాసిటర్ల పూర్తి వరుస, వీనికి తోడు నమ్మదగిన మీటరు ఒకటి. ఇవి ఒక చిన్న పెట్టెలో పట్టును. ఈ పెట్టె ప్రయోగశాల బల్లపై అందుబాటులో ఉన్నచో, ఒక్క భాగము దొరకలేదని ఏ విద్యార్థియు సగము అతికిన వలయమును ఇంటికి తిరిగి తీసికొనిపోనక్కరలేదు.